వ్యవధి లేనందున

తెలుగు ఠాణా సాహిత్యంలో ఒక వాక్యం ఉంది. రాసిన మహానుభావుడెవరో తెలియదు. టైపు మిషన్లు పోయి కంప్యూటర్లు వచ్చాయి, క్రిమినల్ ప్రొసీజర్ కోడ్ పోయి భారతీయ నాగరిక్ సురక్షా సంహిత వచ్చింది, మెదక్ జిల్లా చీలి 2016లో సంగారెడ్డి జిల్లా పుట్టింది. ఆ వాక్యంలో మాత్రం కామా కూడా కదల్లేదు. “సెర్చ్ వారెంటు పొందుటకు తగిన వ్యవధి లేనందునను, జాప్యము జరిగినచో ముద్దాయిలు పారిపోవుటకును, సాక్ష్యాధారములు మాయమగుటకును అవకాశమున్నందునను...” ఇంతమందికి కంఠతా వచ్చిన తెలుగు గద్యం ఇంకొకటి ఉందంటే నేను నమ్మను. ఠాణా రైటరు కళ్లు మూసుకుని టైపు చేస్తాడు. సంతకం పెట్టేవారూ కళ్లు మూసుకునే పెడతారు.

ఆ లేని వ్యవధి ఎంతో చూద్దాం. పటాన్‌చెరు నుంచి సంగారెడ్డి కోర్టుకు ముంబై హైవే మీద ముప్పై కిలోమీటర్లు అటూ ఇటూ. రుద్రారం దగ్గర ఆగి చాయ్ తాగినా గంటలో చేరొచ్చు. ఆ గంట కూడా దొరకలేదా? 2024 జూలై 1న అమల్లోకి వచ్చిన సంహిత, 530వ సెక్షన్ కింద వారెంటు జారీ, అమలు ఎలక్ట్రానిక్ పద్ధతిలో జరుపుకోవచ్చంటుంది. జడ్జికి ఫోనులో విషయం చెప్పి వారెంటు తీసుకునే వీలు అమెరికా వాళ్లు తమ ఫెడరల్ నిబంధనల్లో 1977లోనే పెట్టుకున్నారు. అప్పటికి మనం ట్రంకు కాల్ బుక్ చేసి పోస్టాఫీసు అరుగు మీద కూర్చునేవాళ్లం. ఇవాళ అలా కాదు. పెద్దసారు పుట్టినరోజు అని తెలిస్తే చాలు, నిమిషంలో వాట్సాప్ గ్రూపు నిండా పూలగుత్తులు. మేజిస్ట్రేటుకు ఒక్క పేజీ చేరడానికి మాత్రం వ్యవధి లేదు.

కాలం అందరి గుమ్మాల్లో ఒకేలా నడవదు లెండి. ఈ పటాన్‌చెరు పారిశ్రామిక బెల్టులో దాని నడక తలుపు ఎత్తును బట్టి ఉంటుంది.

తలుపు పొట్టిదైతే టైము తెల్లవారుజామున ఐదు. ఫ్యాక్టరీల వెనక రేకుల గదుల వరస. గదికి ఐదారుగురు, ఒడిశా, బిహార్, యూపీల నుంచి వచ్చినవాళ్లు. కొందరు అప్పుడే నైట్ షిఫ్టు దిగి ఒళ్లు వాల్చారు. సందుకు రెండు కొసలా పోలీసు వ్యాన్లు. దీని పేరు కార్డన్ సెర్చ్. ముద్దుపేరు కమ్యూనిటీ కాంటాక్ట్ కార్యక్రమం. నిద్రలో ఉన్న కమ్యూనిటీ చెప్పులు వెతుక్కునేలోగా కాంటాక్ట్ అయిపోతుంది. ఏ నేరం కోసం ఈ సోదా? ఎఫ్ఐఆర్ నంబరెంత? వెతుకుతున్న వస్తువేమిటి? వారెంటు లేకుండా ఇంట్లో జొరబడాలంటే దర్యాప్తులో ఉన్న ఒక నేరం ఉండాలనీ, కారణం ముందే కాగితం మీద పెట్టాలనీ, వీలైనంతవరకు ఆ వస్తువేదో రాయాలనీ, ఆ నకలు 48 గంటల్లోపు మేజిస్ట్రేటుకు పంపాలనీ సంహిత 185వ సెక్షన్ చెబుతుంది. ఒక వీధినంతా ముద్దాయిగా చూసే సెక్షన్ అందులో నాకు కనపడలేదు. మర్నాడు జిల్లా పేజీలో వార్త మాత్రం వస్తుంది: సరైన పత్రాలు లేని ఇన్ని బైకులు, ఇన్ని ఆటోలు స్వాధీనం, ప్రజల్లో భద్రతాభావం కల్పించేందుకే ఈ సోదాలు. ఆ భావం కలిగిందో లేదో అడుగుదామంటే, సదరు ప్రజలు బైకు విడిపించుకోవడానికి ఠాణా ముందు నిలబడి ఉంటారు.

ఇలా ఎవరు ఏ గదిలో ఉంటున్నారో ఆధార్‌తో సహా చూసి పెట్టుకున్న బెల్టు ఇది. 2025 జూన్ 30న పాశమైలారం ఫ్యాక్టరీలో పేలుడు జరిగి 54 మంది పోయినప్పుడు, ఆ పూట లోపల ఎంతమంది ఉన్నారన్న లెక్క తేలడానికే రోజులు పట్టింది. దేహాలను డీఎన్ఏ పరీక్షలతో గుర్తించాల్సి వచ్చింది, ఎనిమిది మంది ఆనవాళ్లే దొరకలేదు. గదిలో ఉన్నప్పుడు మనిషికి లెక్క ఉంది. గేటు దాటాక లేదు.

ఇంటికి గౌరవం ఉండాలన్న మాట మనకు తెలియనిదేం కాదు. 1986లో ఆంధ్రప్రదేశ్ శాసనసభ స్టాంపుల చట్టం 73వ సెక్షన్ సవరించి, కలెక్టరు రాసిచ్చిన ఏ మనిషైనా లోపలికొచ్చి కాగితాలు తిరగేయొచ్చంది. హైదరాబాద్ జిల్లా రిజిస్ట్రారుకూ కెనరా బ్యాంకుకూ మధ్య నడిచిన ఆ వ్యాజ్యంలో సుప్రీంకోర్టు 2004 నవంబరులో ఆ సవరణను కొట్టేసింది. అలా కొట్టేస్తూ 1765 నాటి ఇంగ్లండు తీర్పు దాకా వెళ్లి, రాజుగారి బంట్రోతులు ఎంటిక్ అనే రచయిత ఇంట్లో పడి పెట్టెలు పగలగొట్టిన కథను తలుచుకుంది. బ్యాంకు బీరువాలోని స్టాంపు కాగితానికి రెండున్నర శతాబ్దాల చరిత్ర అండగా నిలబడింది. రేకుల గదిలోని ట్రంకుపెట్టెకు అంత పెద్ద చుట్టాలు లేరు.

ఇక తలుపు పొడుగుదైతే ఎలా ఉంటుందో చెబుతాను. ఒక కేసు ఊహించుకుందాం. ఊహే, ఏ కంపెనీవారూ గుమ్మడికాయల దొంగలా భుజాలు తడుముకోనక్కర్లేదు. ఒక షెడ్డులో రాత్రిపూట ఆల్ప్రాజోలం తయారవుతోందని కబురు వచ్చింది. కల్లు కాంపౌండుల్లో మత్తు కోసం కలిపే మందు అది. మరీ గాలి కబురు అనుకోవద్దు. 2025 సెప్టెంబరులో బోయిన్‌పల్లిలో బడి నడుస్తున్న భవనంలోనే ఆ సరుకు తయారవుతుంటే రాష్ట్ర మాదకద్రవ్యాల నిరోధక దళం ‘ఈగల్’ పట్టుకుంది. అదే నెలలో చర్లపల్లి పారిశ్రామికవాడలోని మెఫెడ్రోన్ అనే మత్తుమందు గుట్టు విప్పడానికి మహారాష్ట్ర నుంచి మీరా భయందర్ పోలీసులు ఇక్కడిదాకా వచ్చారు. అంత దూరం నుంచి వచ్చేవాళ్లకు ఉన్న వ్యవధి చూస్తే అసూయ కలగదూ?

కబురు రాగానే మన ఠాణాలో కాలం కుర్చీ లాక్కుని కూర్చుంది. ఎందుకంటే ఇది ఫ్యాక్టరీ. దరఖాస్తు రాయాలి.

“రైటర్ గారూ, ఏ పేరు మీద అడుగుదాం?”

“బోర్డు మీద పేరు రాస్తే లైసెన్సు వేరే పేరు మీదుంది సార్. లైసెన్సు పేరు రాస్తే, ఆ కంపెనీ షెడ్డును ఎప్పుడో లీజుకిచ్చింది. లీజుకు తీసుకున్నాయన ఆ బ్లాకును జాబ్‌వర్కు కింద ఇంకొకాయనకు ఇచ్చిండు.”

“ఇంతకీ సరుకు చేసేదెవరు?”

“అది రాత్రిపూట అడగాలె సార్.”

“సరే, హద్దులు రాయి.”

హద్దులు రాశారు. తూర్పు: ప్రహరీగోడ. పడమర: సదరు ప్రహరీగోడ. ఉత్తరం: పేరు లేని రోడ్డు. దక్షిణం: వాన పడ్డ రాత్రుల్లో రంగు మారే కాలువ. “రంగు సంగతి తీసెయ్, వేరే శాఖవాళ్లు నొచ్చుకుంటారు” అన్నారు ఎస్సై గారు. నిజమే, ఆ శాఖకు 1974 నీటి చట్టం 23వ సెక్షన్ కింద గేటు దాటి లోపలికెళ్లే అధికారం ఎప్పటి నుంచో ఉంది. వాడుకుంటే అరిగిపోతుందని దాచుకున్నట్టున్నారు. 2007లో అచ్చయిన అధ్యయనంలో స్వీడన్ పరిశోధకులు పటాన్‌చెరు ఉమ్మడి శుద్ధి కేంద్రం నుంచి శుద్ధయి బయటికొస్తున్న నీటిని పరీక్షిస్తే, లీటరుకు 31 మిల్లీగ్రాముల దాకా సిప్రోఫ్లాక్సాసిన్ తేలింది. ఒక్క రోజులో పోయే ఆ మందు, 90 లక్షల జనాభా ఉన్న వాళ్ల దేశం ఐదు రోజులు మింగేదానికి సమానమని లెక్కగట్టారు. మన బెల్టు చరిత్రలో ‘నమ్మదగిన సమాచారం’ అంటే అది. దానికి వేగు అక్కర్లేదు, సీసా చాలు.

దరఖాస్తు సంగారెడ్డి చేరింది. మేజిస్ట్రేటు అడగాల్సిన ప్రశ్న ఒక్కటే: నీకెలా తెలుసు? సమన్లు పంపితే ఆ వస్తువు తెచ్చివ్వరని నమ్మడానికి కారణం కనపడితేనే వారెంటు, సంహిత 96వ సెక్షన్ సారాంశంలో ఒక ముక్క ఇది. కానీ ఆ ప్రశ్నకు జవాబు రాసే అలవాటు చేతికి ఎక్కడిది? ఇన్నేళ్లూ రాసింది వ్యవధి లేదనే కదా. అందుకని ‘నమ్మదగిన సమాచారం మేరకు’ అని మూడు ముక్కలు పడ్డాయి. ఎవరు నమ్మారు, ఎందుకు నమ్మారు, నమ్మాక పోయి చూశారా? ఏమీ లేదు. ఆ ఉదయం బల్ల మీద రిమాండు రిపోర్టులు, డ్రంక్ అండ్ డ్రైవ్ వరస, వాయిదాల కట్టలు. దరఖాస్తు అభ్యంతరాలతో వాపసు వచ్చింది. అభ్యంతరం ‘నీకెలా తెలుసు’ అని కాదు. సీలు సంతకం మీద పడలేదని, రెండో ప్రతి జతపరచలేదని. మళ్లీ రాశారు, మళ్లీ వెళ్లారు, ఆ రోజు మేజిస్ట్రేటు సెలవు. ఇలా రెండు రోజులు. కాగితం సంగారెడ్డి దాటకముందే కబురు ఆ షెడ్డుకు చేరింది.

మూడో రోజు ఎస్సై గారికి తిక్క రేగింది. “ఇక కుదరదు, బండి తియ్యి” అన్నారు. రైటరు కంప్యూటరు ముందు కూర్చున్నాడు. వేళ్లు వాటంతటవే కదిలాయి: సెర్చ్ వారెంటు పొందుటకు తగిన వ్యవధి లేనందునను...

గేటు దగ్గర కాలం ఇంకాసేపు ఆగింది. విజిటర్ల రిజిస్టరులో పేరు, వచ్చిన పని రాయాలి. సేఫ్టీ బూట్లు లేనిదే లోపలికి పంపరు. “ఫోన్లు ఇక్కడ పెట్టండి సాబ్, లోపల సాల్వెంట్ ఏరియా, నిప్పు రవ్వ పడితే అందరం పోతాం” అన్నాడు సెక్యూరిటీ. అతను చెప్పింది నూటికి నూరుపాళ్లు నిజం. సంహిత 105వ సెక్షన్ చెప్పేదీ నిజమే: సోదా మొత్తం వీడియో తీయాలి, వీలైతే మొబైల్ ఫోనుతోనే. ఫోను తీసుకెళితే ఫ్యాక్టరీ పేలుతుంది, తీసుకెళ్లకపోతే కేసు పేలుతుంది. సాల్వెంట్ డ్రమ్ముల మధ్య సోదా ఎలా చిత్రించాలో ఢిల్లీలో సెక్షన్ రాసినవాళ్లు పటాన్‌చెరు వచ్చి చూసిపోతే బాగుండేది. బూట్ల సైజులు కుదిరేలోగా లోపల ఏ డ్రమ్ములు ఎటు దొర్లాయో దేవుడికి తెలియాలి.

బూట్ల గౌరవం సెక్యూరిటీ ఒక్కడిదే అనుకునేరు. మత్తుమందుల చట్టం 42వ సెక్షన్ ప్రకారం మామూలు ఇంట్లో వారెంటు లేకుండా పగటిపూట సోదా చేయడానికి, ప్రభుత్వం అధికారమిచ్చి ఉంటే, కానిస్టేబులు కంటే ఒక మెట్టు పైనున్నవాడు చాలు. 2014లో దానికి ఒక తోక తగిలించారు: లైసెన్సున్న తయారీదారు దగ్గరికైతే సబ్ ఇన్‌స్పెక్టరుకు తగ్గకూడదు. హోదాకు తగ్గ అతిథి రావాలి గదా మరి.

లోపల ఇద్దరు పంచులు కావాలి. ఆ ప్రాంతంలో నివసించే, స్వతంత్రులైన, మర్యాదస్తులు కావాలని చట్టం కోరిక. ఒకప్పుడు ఈ మర్యాదంతా వీఆర్వో గారిలో కుప్పపోసి ఉండేది. ఎక్కడ పంచనామా జరిగినా ఆయన అక్కడుండేవాడు. 2020లో ప్రభుత్వం వీఆర్వో పోస్టులనే రద్దు చేసింది, దాంతో తెలంగాణ ఠాణాలకు రెడీమేడు మర్యాదస్తులు కరువయ్యారు. ఇక ఈ షెడ్ల మధ్య నివసించేదెవరు? ఆ రేకుల గదులవాళ్లే. తెల్లవారుజామున అనుమానితుడిగా లేపిన మనిషే మధ్యాహ్నానికి స్వతంత్రుడూ మర్యాదస్తుడూ అయ్యాడు. నాలుగు పేజీల తెలుగు పంచనామా కింద ఒడియాలో సంతకం చేశాడు. ‘చదివి వినిపించగా విని, సరియని ఒప్పుకొని’ అన్న ముక్క సంతకానికి పైనే ఉంది.

సరుకు దొరికింది, కొంత. యజమానీ, రాత్రిపూట డ్రమ్ములు దొర్లించే హెల్పరూ ముద్దాయిలు. నాలుగేళ్ల తర్వాత విచారణ. యజమాని తరఫు లాయరు గారు హైదరాబాద్ నుంచి వచ్చారు. ఆయన ఆ వాక్యాన్ని కళ్లు తెరిచి చదివిన మొదటి తెలుగువాడు.

“కబురు ఎప్పుడొచ్చింది?”

“సోమవారం పొద్దున సార్.”

“సోదా ఎప్పుడు?”

“బుధవారం సాయంత్రం.”

“మధ్యలో?”

“వారెంటుకు అప్లై చేశాం సార్.”

“అంటే వారెంటుకు వ్యవధి లేదని తెలుసుకోవడానికి రెండు రోజులు పట్టిందా?”

జనరల్ డైరీ తెప్పించారు. వాపసు వచ్చిన దరఖాస్తు తేదీతో సహా అందులో భద్రంగా ఉంది. కబురును రాసి పై అధికారికి 72 గంటల్లో పంపాలన్న 42వ సెక్షన్ షరతు మాటేమిటన్నారు. ఆ కాగితం లేదు. ఆలస్యమైతే తగిన కారణం చెప్పుకోవచ్చు, అసలు రాయకపోతే మాత్రం కుదరదని సుప్రీంకోర్టు రాజ్యాంగ ధర్మాసనం కర్నైల్ సింగ్ కేసులో 2009లోనే తేల్చింది. ఎస్సై గారు బోనులో నిలబడి గడియారం వైపు చూశారు. బస్తీల్లో ఏ లాయరూ చదవని వాక్యం, ఎవరూ అడగని కాగితం. ఒక్కసారి పెద్ద గేటు లోపలికి తీసుకెళ్లేసరికి అచ్చుతప్పుల్తో సహా బయటపడ్డాయి.

కేసు కొట్టేశారు. యజమాని కారెక్కాడు. ఆయన మొదట్లోనే బెయిలు మీద బయటికొచ్చాడు కనుక ఈ నాలుగేళ్లలో ఇంకో షెడ్డు కూడా లీజుకు తీసుకున్నాడు. హెల్పరూ నిర్దోషే, అదే వాక్యం అతన్నీ వదిలేసింది. కాకపోతే జామీనుకు నిలబడేవాళ్లు ఒడిశా నుంచి రావాల్సి ఉండి, ఎవరూ రాక, ఆ నాలుగేళ్లూ కంది జైల్లో ఉన్నాడు. వ్యవధి అంతా అతని దగ్గరే ఉండిపోయింది.