జానెడు మీద నాలుగు వేళ్లు

వాషింగ్టన్ దగ్గర షాంటిలీలో మా పెరట్లో కూర్చుంటే డల్లెస్‌లో దిగే విమానాలు నెత్తిమీంచే పోతాయి. మొన్న ఆ చప్పుడు వింటూ మనవణ్ణి అడిగాను, "ఇక్కణ్ణుంచి హైదరాబాద్ ఎంత దూరంరా?" అని. ఫోన్‌ని అడిగాడు. 13,280 కిలోమీటర్లంది. "చూశావా తాతయ్యా, రెండు సెకన్లు!" అని మళ్లీ ఆటలో పడ్డాడు.

ఒరే అబ్బాయిలూ, రెండు సెకన్లలో తెలిసింది మీ బుర్రలో ఇంకో రెండు సెకన్లే ఉంటుందిరా. మా రోజుల్లో దూరాన్ని చేత్తో కొలిచేవాళ్లం. మా నాన్న తెనాలి దగ్గర బళ్లో లెక్కల మాస్టారు. 1984లో నేనీ దేశం బయల్దేరే ముందు బడి గ్లోబు మోసుకొచ్చి అరుగు మీద పెట్టారు. అమ్మ పూలు కట్టే దారం తీసుకుని ఒక కొస హైదరాబాద్ మీద, రెండో కొస వాషింగ్టన్ మీద అదిమి బిగలాగారు. అరేబియా మీదుగా పోతుందనుకున్న దారం జారి జారి రష్యా దాటి, నార్వే ఉత్తర భాగానికెక్కి, గ్రీన్‌లాండ్ మంచు మీదుగా దిగింది. గుండ్రటి భూమ్మీద దగ్గర దారి అదేనట. పన్నెండంగుళాల గ్లోబు, దాని చుట్టుకొలత 37.7 అంగుళాలు. భూమి చుట్టూ 40,000 కిలోమీటర్లు. అంటే అంగుళానికి 1,060. దారం పన్నెండున్నర అంగుళాలు తేలింది. గుణిస్తే 13,250. ఫోన్‌కీ నాన్నకీ తేడా ముప్పై కిలోమీటర్లు. అంతవరకు ఫోన్ని మెచ్చుకుంటాను. గంటకి 900 చొప్పున పద్నాలుగు గంటల ముప్పావు అన్నారు నాన్న.

అమ్మ మాత్రం దారాన్ని చేత్తో కొలుచుకుంది. జానెడు మీద నాలుగు వేళ్లు. "ఇంతేనా" అంది.

ఇప్పటి పిల్లలకి టిక్కెట్టు చదవడమూ రాదు. సోమవారం రాత్రి పదింటికి ఎక్కి బుధవారం తెల్లవారుజామున నాలుగింటికి శంషాబాద్‌లో దిగితే ముప్పై గంటల ప్రయాణం అంటారు. కాదురా! చలికాలం మన గడియారం ఇక్కడికన్నా పదిన్నర గంటలు ముందుంటుంది, వేసవిలో తొమ్మిదిన్నర. అది తీసెయ్, దుబాయ్‌లో కాచుక్కూర్చున్నదీ తీసెయ్, మిగిలిందే గాల్లో ఉన్నది. తిరిగొచ్చేటప్పుడు ఎదురుగాలి, ఇంకాస్త కలుపుకో.

కూతవేటు దూరంలో ఉడ్వర్-హేజీ మ్యూజియంలో ఒక నల్ల విమానముంది, ఎస్ఆర్-71. 1990 మార్చి 6న లాస్ ఏంజెలెస్ నుంచి ఇక్కడికి 64 నిమిషాల 20 సెకన్లలో వచ్చింది. ఆ వేగంతో పోతే హైదరాబాద్ నాలుగు గంటల్లోపే. అంత తొందరగా దిగితే ఊరు చేరామని ఒంటికి తెలిసేదెప్పుడు? బేగంపేటలో దిగి, రాత్రంతా రైల్లో కునికి, తెనాలి స్టేషన్లో టీ తాగితే గానీ నాకు ఇంటికొచ్చినట్టుండేది కాదు.

నిన్న యార్డ్ సేల్‌లో గ్లోబొకటి దొరికింది, అదే పన్నెండంగుళాలది. కోడలి కుట్టుదారం ఇచ్చి మనవణ్ణి కూర్చోబెట్టాను. వాడు రెండు కొసలూ అదిమి లాగాడు. దారం పైకి జారింది.

"తాతయ్యా, మంచు మీంచి ఎందుకు పోతోంది?"

ఫోన్ సోఫాలో మోగుతూనే ఉంది. వాడు తీయలేదు. దారం మీద చెయ్యి పరిచి కొలిచాడు. వాడి చేతికి రెండు జానలు.