నంగిలి దాటితే వెయ్యి

పలమనేరు బస్టాండులో, పొగ తాగరాదని రాసిన బోర్డు కిందే నిలబడి దమ్ము లాగుతున్న పెద్దమనిషిని చట్టం తెలియనివాడనుకుంటే పొరపాటు. ఆయనకు చట్టం ధర కూడా తెలుసు. 2003 నాటి పొగాకు చట్టం ప్రకారం బహిరంగ స్థలంలో పొగ తాగితే జరిమానా 200 రూపాయలకు మించదు. 2008లో గాంధీ జయంతి నాడు దేశమంతా ఆ నిషేధాన్ని ఆర్భాటంగా అమల్లోకి తెచ్చారు. అప్పటినుంచి మదనపల్లె మార్కెట్లో టమోటా ధర ఎన్నిసార్లు లేచిందో, ఎన్నిసార్లు పడిందో! ఈ ఒక్క రేటు మాత్రం కదల్లేదు. ఆ రెండు వందలైనా వసూలు చేయడానికి ఎవరైనా వస్తే కదా? వచ్చినవాడు కూడా ముందు అగ్గిపెట్టె అడుగుతాడు.

ఇదే పెద్దమనిషి బెంగళూరు బస్సెక్కి రాష్ట్ర సరిహద్దులోని నంగిలి దాటాడంటే, పాస్‌పోర్టు లేకుండానే విదేశంలో దిగినట్టు. కర్ణాటక ఆ కేంద్ర చట్టాన్నే సవరించుకుని, 2025 మే నెలాఖరున అమల్లోకి తెచ్చింది. అక్కడ జరిమానా వెయ్యి దాకా ఉంటుంది. పొగాకు నమిలి ఉమ్మినా అంతే. సిగరెట్ అమ్మాలంటే కొనేవాడికి 21 ఏళ్లు నిండాలి. మన దగ్గర 18 చాలు. అంటే ఇరవై ఏళ్ల డిగ్రీ కుర్రాడి ఊపిరితిత్తులు పలమనేరులో మేజర్లు, ముళబాగిలులో మైనర్లు!

ఇంకాస్త ముందుకు పోయి దేవనహళ్లిలో విమానమెక్కితే మనవాడికి ఎక్కడలేని సంస్కారం పుట్టుకొస్తుంది. కువైట్‌లో నలుగురూ మసలే మూసిన చోట పొగ తాగితే 50 నుంచి 100 దీనార్లు కట్టాలి. యాభై దీనార్లంటే మన లెక్కలో పన్నెండు వేల పైమాటే. ఇక్కడ కండక్టరు మొహం మీద పొగ ఊదినవాడు అక్కడ మండుటెండలో, రోడ్డవతల నిలబడి బుద్ధిగా కాల్చుకుంటాడు.

సింగపూరులో కూతురింటికి బయలుదేరిన పెద్దాయన సంగతి ఇంకా ముచ్చట. "నాయనా, బ్యాగులో ఆ హాన్స్ పొట్లం గానీ పెట్టుకున్యావా? ఈడ పట్టుకుంటారు" అని ఫోన్లో బిడ్డ ఒక్క మాట అంటే చాలు, పొట్లం పెరట్లో పడుతుంది. ఇంట్లో ఇల్లాలు కాపురమంతా చెప్పిన మాట అదే. పాపం, ఆమె చేతిలో కస్టమ్స్ శాఖ లేదు. నమిలే పొగాకును సింగపూరు గడప తొక్కనివ్వదు. సిగరెట్ ఒక్కటున్నా చెప్పి సుంకం కట్టాల్సిందే. మాల్దీవులైతే 2025 నవంబరు 1 నుంచి, 2007 జనవరి 1న గానీ ఆ తర్వాత గానీ పుట్టినవాళ్లెవరూ పొగాకు ముట్టకూడదంది. చుట్టపుచూపుగా వచ్చిన యాత్రికులకూ మినహాయింపు లేదు.

తిరుగు ప్రయాణంలో ఇంకో తమాషా. దుబాయిలో దర్జాగా అమ్మే ఎలక్ట్రానిక్ సిగరెట్టు వేప్‌ను బావమరిదికి బహుమతిగా తెచ్చే అన్నలారా, 2019 నుంచి మన దేశంలో దాన్ని తేవడమే నేరం. మొదటిసారి దొరికితే ఏడాది దాకా జైలు, లక్ష దాకా జరిమానా, లేదా రెండూ. కాల్చే బీడీకి రెండు వందలు, కాల్చని బహుమతికి లక్ష! గుట్కా నిషేధం సరిహద్దుకు రెండువైపులా ఉన్నా, బెంగళూరు దారిలో మూటలు దిగుతూనే ఉంటాయి. పోలీసులు వాటి వెనక నిలబడిన ఫొటో పేపర్లో పడుతూనే ఉంటుంది.

గుంటూరులో కేంద్ర పొగాకు బోర్డు కొలువై ఉంది. సరుకును సముద్రాలు దాటించడం దాని పని. మన పొగాకు పరాయి దేశాలకు పోతోంది. దాన్ని ఎక్కడ కాల్చకూడదో మనవాళ్లు అక్కడికి పోయి నేర్చుకుంటున్నారు.

ఆంధ్ర శాసనసభకు ఒక విన్నపం. కేంద్ర చట్టాన్ని రాష్ట్రం సవరించుకోవచ్చని పక్కింటివాళ్లు చేసి చూపించారు. వాళ్ల సవరణ కన్నడంలో ఉంది, అర్థం కాలేదంటారా? పలమనేరులో కన్నడం వచ్చినవాళ్లకు కొదవలేదు. పిలిపించండి, చదివి చెబుతారు.