ఈ సలహాలు వింటే విమానం దొరకదు

సొంతంగా చిన్న విమానం కట్టుకునేవాళ్లు ఇంజిను గురించి ఏడాదిపాటు చదువుతారు. ప్రొపెల్లరు గురించి నెలల తరబడి వాదించుకుంటారు. ప్రమాదం జరిగితే సంకేతం పంపే బీకన్, అదే ఈఎల్‌టీ, దాని యాంటెన్నా దగ్గరికొచ్చేసరికి మాత్రం పక్క హ్యాంగరాయన ఏది చెబితే అదే వేదం. ఆయన చెడ్డవాడు కాదు, అనుభవం లేనివాడూ కాదు. అందుకే ఆయన మాట ప్రమాదం. చాలామంది నోట వినిపించే అలాంటి సలహాల్ని ఇక్కడ పెడుతున్నాను, ఏది ఎందుకు వినకూడదో కూడా చెబుతాను.

"మీది కాంపోజిట్టే కదా, యాంటెన్నా లోపల పెట్టెయ్యండి. బయట పుల్లలా కనబడితే అందం చెడుతుంది, గాలికీ అడ్డం."

ఈ సలహా ఎక్కడినుంచి వచ్చిందో తెలిస్తే ఎక్కడ చెల్లదో తెలుస్తుంది. 1970లలో బర్ట్ రూటాన్ వేరీఈజీ, ఆ తర్వాత లాంగ్-ఈజీ డిజైన్లు ఇచ్చినప్పుడు వాటి ఒళ్లంతా నురుగు దిమ్మెల మీద పరిచిన ఫైబర్‌గ్లాసే. గాజు గుండా రేడియో తరంగాలు హాయిగా వెళ్లిపోతాయి. అందుకే వాటిలో రాగి పట్టీలతో చేసిన యాంటెన్నాలను చర్మం లోపలే పెట్టేవారు, అవి బాగానే పనిచేశాయి. మన బెంగళూరు ఎన్‌ఏఎల్ వారి హంస-3 కూడా గాజు నార విమానమే. కానీ ఇవాళ కాంపోజిట్ అన్న ఒక్క పేరు కింద కార్బన్ ఫైబర్ కూడా వస్తోంది. కార్బన్ విద్యుత్తును ప్రవహింపజేస్తుంది. దాని లోపల యాంటెన్నా పెట్టడమంటే ఇనుప బీరువాలో సెల్‌ఫోన్ పెట్టి తాళం వేసినట్టు. డైమండ్ డీఏ40 లాంటి వాటిలో చాలాభాగం గాజు, బరువు పడే చోట్ల కార్బన్. అంటే ఒకే విమానంలో ఒక చోట చెల్లింది రెండు అడుగుల అవతల చెల్లదు. గాజు విమానమైనా పిడుగుల కోసం చర్మంలో లోహపు వల పరిచి ఉంటే అదీ అడ్డమే.

కాబట్టి మొట్టమొదటి ప్రశ్న ఏ కంపెనీ యాంటెన్నా అన్నది కాదు. యాంటెన్నా చుట్టూ, పైనా ఉన్న చర్మం ఏ నార? డిజైనరు ఇచ్చిన పొరల పట్టిక తీసి చూడండి. మీటరు పెట్టి చూస్తే చాలదు. పైన రెజిను పూత ఉంటే కార్బన్ మీద కూడా మీటరు ఏమీ చూపదు, మీరు అది గాజే అనుకుంటారు. కార్బన్ అని తేలితే యాంటెన్నా బయటే ఉండాలి. అందం పోతే పోనివ్వండి.

"గ్రౌండ్ ప్లేనా? అదంతా పుస్తకాల్లో ఉండేది."

నాకు అన్నిటికన్నా ఎక్కువ బాధ కలిగించే మాట ఇదే. బయటికి కనిపించే పుల్ల యాంటెన్నాలో సగమే. రెండో సగం దాని పాదం కింద పరుచుకుని ఉండే లోహం, అదే గ్రౌండ్ ప్లేన్. రేకు విమానంలో ఆ సగం ఎవరూ అడగకుండానే దొరుకుతుంది, చర్మమే ఆ పని చేస్తుంది. గాజు విమానంలో పుల్ల కింద ఏమీ లేదు. లోహం లేకపోతే పంపిన శక్తిలో కొంత వెనక్కి తిరిగొస్తుంది, కోయాక్స్ కేబుల్ పైతొడుగే యాంటెన్నాలా పనిచేయడం మొదలుపెడుతుంది. సంకేతం ఆకాశంవైపు ఏ ఆకారంలో వెళుతుందో ఎవరూ చెప్పలేరు.

చేయాల్సిన పని కష్టమేమీ కాదు. యాంటెన్నా పాదం చుట్టూ చర్మం లోపలివైపు ఇసుక కాగితంతో గరుకు చేసి, రెండు వేళ్ల వెడల్పు రాగి పట్టీలు కనీసం నాలుగు, నాలుగు దిక్కులకూ అంటించాలి. బీకన్ సంకేతాలు పంపే రెండు పౌనఃపున్యాల్లో 121.5 మెగాహెర్ట్జ్‌కి పావు తరంగం సుమారు 62 సెంటీమీటర్లు, 406కి 18 సెంటీమీటర్లకు కాస్త ఎక్కువ. పట్టీ పొడవు ఆ పెద్ద కొలతకు తగ్గకుండా చూసుకుంటే రెండింటికీ సరిపోతుంది. పాదం దగ్గర పట్టీలన్నీ కలిసేచోట టంకం వేయాలి. ఒకదాని మీద ఒకటి అంటించి వదిలేస్తే మధ్యలో ఉండేది జిగురు, దాన్ని నమ్మకూడదు. వంటింటి అల్యూమినియం రేకుకు టంకం పట్టదు, చిరుగుతుంది, దాని జోలికి వెళ్లకండి. ఆ రాగి యాంటెన్నా పాదానికీ, కేబుల్ పైతొడుగుకీ గట్టిగా తగలాలి. మధ్యలో రంగుపూత ఉండకూడదు. యాంటెన్నాతో వచ్చిన పుస్తకంలో వేరే కొలత ఉంటే అదే ఖాయం.

దీనికి తమ్ముడు లాంటి సలహా ఇంకోటి ఉంది: "కార్బనే కదా, అదే గ్రౌండ్ ప్లేన్." నారకీ పాదానికీ మధ్య రెజిను ఉంటుంది. దాన్ని గీకి అల్యూమినియం నేరుగా తగిలిస్తే తేమ చేరగానే ఆ అల్యూమినియం తుప్పుపడుతుంది. కార్బన్ విమానంలో ఈ అతుకు ఎలా వేయాలో డిజైనరునే అడగాలి.

"పాత బీకన్ యాంటెన్నా ఉందిగా, కొత్తదానికి అదే తగిలించండి."

పాతది 121.5కి కొలిచి చేసింది. ప్రమాద సంకేతాలు వినే కాస్పాస్-సర్సాట్ ఉపగ్రహాలు ఆ సంకేతాన్ని వినడం మానేసింది 2009 ఫిబ్రవరి 1న. ఇప్పుడు ఉపగ్రహం వినేది 406 ఒక్కటే. 121.5 దగ్గరికొచ్చిన గాలింపు బృందానికి దారి చూపించడానికే మిగిలింది. కొత్త బీకన్ రెండూ పంపుతుంది, యాంటెన్నా కూడా రెండింటికీ చేసినదై ఉండాలి. బీకన్, యాంటెన్నా, కేబుల్ మూడూ తయారీదారు ఒకే జాబితాలో ఆమోదించినవి కావాలి. విమానపు మాటల రేడియో యాంటెన్నాకి కలిపేద్దామనే వాళ్లూ ఉన్నారు, అది 118 నుంచి 137 దాకానే పనిచేసే వస్తువు.

"బీకన్ సీటు వెనక పెట్టి, కేబుల్ తోకదాకా లాగండి. చేతికి అందుతుంది."

కూలిన క్షణంలోనే సంకేతం వెళ్లిపోతుందనుకుంటారు. వెళ్లదు. బీకన్ మేల్కొన్నాక 406 మీద మొదటి సందేశం వెళ్లడానికి సుమారు 50 సెకన్లు పడుతుంది. ఆ తర్వాత ప్రతి 50 సెకన్లకూ ఒకసారి, 5 వాట్లతో, అర సెకను. అంటే యాంటెన్నా, కేబుల్, బీకన్ మూడూ ఆ దెబ్బను తట్టుకుని, దెబ్బ తర్వాత కూడా ఒకదానికొకటి అంటిపెట్టుకుని ఉండాలి. 2010 ఆగస్టు 9న అలాస్కాలో మాజీ సెనేటర్ టెడ్ స్టీవెన్స్ ప్రయాణిస్తున్న ఆటర్ విమానం కొండను ఢీకొంది. అందులో బీకన్ ఉంది. దెబ్బకు అది తన తొట్టెలోంచి ఊడిపోయి యాంటెన్నా నుంచి విడిపోయింది. సంకేతం ఎవరికీ అందలేదు. అది రేకు విమానం, అయినా పాఠం మనకే ఎక్కువ. ఎందుకంటే కాంపోజిట్ రేకులా నలగదు, విరుగుతుంది. బీకన్, యాంటెన్నా విరుపుకి చెరోవైపు పడితే కేబుల్ తెగడం ఖాయం. రెండింటినీ వెనకభాగంలో ఒకే గట్టి చట్రానికి దగ్గరగా బిగించండి, కేబుల్ పొట్టిగా, కాస్త వదులుగా ఉంచండి. లాంగ్-ఈజీలా ఇంజిను వెనక ఉండే విమానానికి తోక లెక్క చెల్లదు, దానికి డిజైనరు చెప్పిన చోటే.

2009 సెప్టెంబరు 2న అప్పటి ఆంధ్రప్రదేశ్ ముఖ్యమంత్రి రాజశేఖరరెడ్డి హెలికాప్టరు నల్లమలలో కూలినప్పుడు వైమానిక దళం సహా యంత్రాంగమంతా వెతికినా మర్నాడు ఉదయానికి గానీ కనబడలేదు. ఆ ప్రమాదం కారణాలు వేరే సంగతి. అడవిలో వెతుకులాట అంటే ఏమిటో మనకు తెలుసు అని గుర్తుచేస్తున్నానంతే. ఇద్దరు కూర్చునే చిన్న విమానం కోసం అంతమంది రారు. అది రాలేదని ఎవరైనా గమనించేసరికే పొద్దుపోతుంది.

"పొట్ట కింద పెడితే ఎవరికీ కనబడదు." దున్నిన పొలంలో దిగిన చిన్న విమానం పొట్ట మీదే ఆగొచ్చు. అప్పుడు యాంటెన్నా మట్టిలో ఉంటుంది. వెన్ను మీద నిలువుగా నిలబడాలి, పక్క యాంటెన్నాలకు దూరంగా. వంచి లోపల ఇమిడ్చినా చెడేది అదే సంకేతం.

"జేబులో పీఎల్‌బీ, అంటే మనిషి వెంట ఉంచుకునే చిన్న బీకన్, ఉంటే చాలు." స్పృహలో ఉన్న మనిషి చేతులతో తీసి, యాంటెన్నా విప్పి, నొక్కితేనే అది పలుకుతుంది. రెండూ ఉంచుకోండి.

"బీకన్ తనిఖీ చేస్తే మన రేడియోలో 121.5 మీద కూత వినబడింది, అంతా బాగున్నట్టే." మీ విమానపు రేడియో చాలా సున్నితమైనది. యాంటెన్నా పూర్తిగా ఊడిపోయినా అంత దగ్గరనుంచి కూత వినిపిస్తుంది. నాసిరకం ఏఎం ట్రాన్సిస్టరు తెచ్చి యాంటెన్నాకు జానెడు దూరంలో పట్టుకోండి. దానిలో కూత వస్తే శక్తి యాంటెన్నాదాకా చేరుతున్నట్టు. అమెరికాలో ఈ పరీక్షను గంట మొదటి 5 నిమిషాల్లోనే, మూడు కూతలకు మించకుండా చేయమంటారు. 406ని మాత్రం తనిఖీ మీట ద్వారా తప్ప నిజంగా మోగించకూడదు. మన దేశంలో ఆ సంకేతం బెంగళూరులోని ఇస్రో కేంద్రానికి చేరుతుంది, అక్కడ ఎవరో మీకోసం ఫోన్లు చేయడం మొదలుపెడతారు. వాళ్లు ఎవరికి చేయాలో తెలియాలంటే బీకన్ కోడు మీ పేరున నమోదై ఉండాలి.

ఈ పరీక్షలన్నీ పైచర్మం అతికించకముందే ఒకసారి చేయండి. యాంటెన్నా ఎనలైజరు అరువు తెచ్చి 121.5 దగ్గరా, 406 దగ్గరా ఎంత శక్తి వెనక్కి వస్తోందో చూసి, తయారీదారు చెప్పిన హద్దులో ఉందో లేదో లాగ్‌పుస్తకంలో రాసుకోండి. చర్మం మూసేశాక ఆ రాగి పట్టీల దగ్గరికి చెయ్యి వెళ్లదు.