పోయినసారి కొలత ఎంత?

నేను అల్ట్రాసౌండ్ స్కానింగ్ మిషన్‌ను. జనగామలో, మహబూబాబాద్‌లో, భూపాలపల్లిలో మసక గదుల్లో, జెల్ సీసా పక్కన నా కాపురం. 1880లో క్యూరీ సోదరులు స్ఫటికాన్ని నొక్కితే విద్యుత్తు పుడుతుందని కనుక్కోవడం నా పుట్టుకకు మూలం. 1958లో స్కాట్లాండ్ వైద్యుడు ఇయాన్ డొనాల్డ్ శబ్దంతో కడుపులోకి చూడవచ్చని లోకానికి చాటారు. అప్పటినుంచి జనం నన్ను గర్భిణుల మిషన్‌గానే ఎరుగుదురు. పుట్టబోయేది ఆడో మగో చెప్పకూడదని 1994 చట్టం నాకు కట్టడి పెట్టింది, అది న్యాయమే. పుట్టి పెరిగిన ఆడపిల్ల ధమనులను కాచే పని కూడా నాకు అప్పగించమని నా విన్నపం.

1908లో జపాన్ కంటి వైద్యుడు మికితో టకయాసు ఒక జబ్బును వర్ణించారు. ఎక్కువగా నలభై ఏళ్లలోపు స్త్రీలకు వచ్చే ఈ టకయాసు ఆర్టరైటిస్‌లో బృహద్ధమని, దాని పెద్ద కొమ్మల గోడలు వాచి దళసరెక్కుతాయి. నెత్తురు పారే దారి ఇరుకవుతుంది. మణికట్టు దగ్గర నాడి అందదు, రెండు చేతుల బీపీకి పొంతన ఉండదు. మన దేశంలో మూత్రపిండాల ధమనులు ఇరుకై చిన్న వయసులోనే బీపీ పెరగడం తరచుగా కనిపిస్తుంది. స్టెరాయిడ్‌తో వాపు తగ్గుతుంది గాని, మోతాదు దించుతున్నప్పుడు జబ్బు తిరగబెట్టడం మామూలే. అప్పుడు వాపును సూచించే ఈఎస్ఆర్, సీఆర్పీ రక్తపరీక్షలు మాత్రమే చూసి ధైర్యపడలేం. అమెరికాలో 60 మంది రోగుల మీద 1994లో వెలువడిన అధ్యయనంలో, జబ్బు నిమ్మళించిందనుకున్నవారికి ఆపరేషన్ చేసి తీసిన కొద్దిపాటి ధమని ముక్కల్లో 44 శాతం ఇంకా వాపుతోనే ఉన్నాయి. ఈ జబ్బుకు టోసిలిజుమాబ్ అనే మందు వాడేవారిలోనైతే ఆ మందే సీఆర్పీని అణచివేస్తుంది. రక్తపరీక్ష బాగున్నా లోపలి గోడ సంగతి తెలియదు.

ఆ గోడనే నేను కొలుస్తాను. ఆరోగ్యవంతురాలైన యువతి మెడలోని కెరోటిడ్ ధమని గోడలో నేను కొలిచే పొరల మందం మిల్లీమీటరు కూడా ఉండదు. ఈ జబ్బులో చుట్టూ సమంగా దళసరెక్కి మాకరోనీ గొట్టంలా కనిపిస్తుంది. నెత్తురు ఎంత వేగంగా పారుతోందో నాలోని డాప్లర్ పద్ధతి చెబుతుంది. అయితే ఒక్కసారి చూసి తీర్పు చెప్పే శక్తి నాకు లేదు. భూపాలపల్లి బొగ్గు బాయిలో పైకప్పును కర్రతో తట్టి, చప్పుడు విని, పెళ్ల ఊడేలా ఉందో లేదో కనిపెడతారు. నిన్న గట్టిగా పలికిందని ఈరోజు తట్టకుండా కిందికి పోరు. నా పనీ అంతే. జబ్బు తిరగబెట్టే సూచన ఒక అంకెలో ఉండదు, రెండు అంకెల మధ్య తేడాలో ఉంటుంది.

దీనికి అభ్యంతరాలున్నాయి, బలమైనవే. ఒంటిమీద ఆనించే నా ప్రోబ్‌ను పట్టే చెయ్యి మారితే కొలత మారుతుందంటారు. నిజం, అందుకే ఏ ధమని, ఏ పక్క, ఏ చోట కొలిచారో బొమ్మతో సహా రాసిపెట్టాలి. వాపు తగ్గినా గోడ దళసరిగానే మిగలవచ్చంటారు. అదీ నిజమే, పాత మచ్చను కొత్త వాపుగా పొరబడకుండా కాపాడేది పాత కొలతే. ఛాతీలోని బృహద్ధమని ఎముకల చాటున, ఊపిరితిత్తుల గాలి వెనక నాకు సరిగా అందదు. దానికి ఎంఆర్ఐ లాంటి పరీక్ష కావాల్సిందే. లక్షణాలు, రక్తపరీక్షలు రెండూ నిమ్మళంగా ఉన్నవారికి అలవాటుగా స్కానింగ్ తీయనక్కర్లేదని యూరప్ రుమటాలజీ సంఘం 2018 సిఫార్సులు అంటున్నాయి. ఇరుకును, ఉబ్బును దీర్ఘకాలం గమనించడానికి మాత్రం నన్ను వాడుకోవచ్చని ఒప్పుకున్నాయి. కాబట్టి నెలనెలా తీయమని నేననను. మందు మొదలుపెట్టేముందు, స్టెరాయిడ్ దించే మలుపుల్లో, కొత్తగా చెయ్యి లాగినా కళ్లు తిరిగినా చూడమంటాను. నా కొలత పెరిగినంత మాత్రాన మందు పెంచమనీ అనను; రుమటాలజిస్టును త్వరగా కలవడానికి అదొక కారణం, అంతే.

జబ్బు అరుదు కదా, జిల్లాలో ఎందుకనవచ్చు. అరుదైన జబ్బుకు నిపుణులూ అరుదే. వాళ్లు హైదరాబాద్ నిమ్స్ లాంటి చోట్ల ఉంటారు. రోగి మాత్రం తండాలోనో పల్లెలోనో ఉంటుంది. ఒక్కో ప్రయాణానికి కూలి పోతుంది, తోడు రావాలి. నేను రేడియేషన్ లేకుండా, ఎన్నిసార్లయినా, ఊరికి దగ్గరలో చూడగలను. 2016లో జిల్లాలైన ఈ మూడు చోట్లా ఇప్పుడు ప్రభుత్వ వైద్య కళాశాలలున్నాయి. అక్కడ చదివే పిల్లలకు మెడ, చంక ధమనులు కొలవడం నేర్పితే చాలు. రోగి చేతి చీటీలో మిల్లీమీటర్లు, తేదీ ఉంటే, ఏ ఊళ్లో ప్రోబ్ ఎవరు పట్టినా అడగాల్సిన మొదటి ప్రశ్నకు జవాబు దొరుకుతుంది: పోయినసారి కొలత ఎంత?