రేకు పాతది, విమానం కొత్తది

ఇంగ్లండ్‌లోని గుడ్‌వుడ్ రివైవల్‌కి వెళ్లేవాళ్లకు టికెట్టుతోపాటు తాతగారి కోటు కూడా ఉంటే మర్యాద. 1948 నుంచి 1966 దాకా పందేలు జరిగిన ట్రాక్ అది. 1998 నుంచి ఏటా సెప్టెంబరులో ఆ కాలపు కార్లూ విమానాలూ అక్కడికి చేరతాయి, చూడవచ్చినవాళ్లు ఆ కాలపు వేషాలు కడతారు. వేషం వేషమేనని అందరికీ తెలుసు కనుక అందులో మోసం లేదు. చిక్కంతా తాళ్లకు అవతల నిలబెట్టిన యంత్రాలతోనే. కొత్తగా ముస్తాబయ్యామని అవి ఒప్పుకోవు.

'ఇది అచ్చంగా అదే' అంటాడు యజమాని. సాక్ష్యం అరచేతిలో ఇమిడే నంబరు రేకు. అది దొరికితే చాలు, చుట్టూ మిగతాదంతా కొత్తగా చేయించి పుట్టిన తేదీ మాత్రం పాతదే వేసుకోవచ్చు.

1940 మే 24న కలే తీరంలో దిగబడ్డ స్పిట్‌ఫైర్ పి9374 నలభై ఏళ్లు ఇసుకలో ఉండి 1980లో బయటపడింది. ఉప్పునీట అన్నేళ్లు నానిన అల్యూమినియాన్ని నమ్మి ఎవరు ఎగురుతారు? 2011లో గాల్లోకి లేచిన విమానంలో చాలామటుకు కొత్త లోహమే. అయినా 2015 వేలంలో 31 లక్షల పౌండ్లు పలికింది. ఆ నంబరు లేకుండా, అదే పనితనంతో అమ్మకానికి పెడితే అంత వచ్చేదా?

కార్లవాళ్లు కోర్టు కూడా ఎక్కారు. 1929లోనూ 1930లోనూ లె మాన్స్ పందెం గెలిచిన బెంట్లీ 'ఓల్డ్ నంబర్ వన్'కు కోటి పౌండ్ల బేరం కుదిరాక, ఇది అసలు కారే కాదని కొనేవాళ్లు అడ్డం తిరిగారు. 1930 నాటి బండిలో మిగిలింది పెడల్ షాఫ్టు, గేర్‌బాక్స్ తొడుగు, స్టీరింగ్ కాలమ్ పాటి సరుకేనని 1990లో హైకోర్టులో తేలింది. అయినా చరిత్ర ఎక్కడా తెగలేదు కనుక ఇది ఓల్డ్ నంబర్ వనే అన్నారు జడ్జిగారు. తాతలు నేతులు తాగారు, మా మూతులు వాసన చూడండన్న వాదనకు చట్టం ముద్ర పడిందన్నమాట.

ఈ లెక్కన హైదరాబాద్‌కూ వాటా రావాలి. రెండో ప్రపంచ యుద్ధంలో స్పిట్‌ఫైర్లు నడిపిన బ్రిటిష్ 152వ స్క్వాడ్రన్‌కు నిజాం విరాళం వల్ల హైదరాబాద్ పేరు వచ్చింది. దాని చిహ్నం ఆయన తలపాగా. ఆ స్క్వాడ్రన్ విమానపు రేకు ముక్కొకటి చేజిక్కితే రాణీగంజ్‌లో సామాను కొని, మనమూ 'అచ్చంగా అదే' అనిపించుకోవచ్చు.

నిజంగా పాతబడిన యంత్రం ఇంత హడావిడి చేయదు. బెడ్‌ఫర్డ్‌షైర్‌లోని షటిల్‌వర్త్ సేకరణలో 1909 నాటి బ్లెరియో విమానం ఉంది. గాలి నిలిచిన వేళ చూసి, మైదానం పొడవునా తిన్నగా చిన్న గెంతు గెంతి దిగిపోతుంది. విన్యాసాలు అడగకూడదు.

ఈ రేకు భక్తిలో నష్టపోయేది పనివాళ్లు. రెక్క మీద చెయ్యి పెట్టి రాస్తే వేలికి తగలనంత సమంగా రివెట్లు దింపినవాడు ఈనాటివాడు. విమానం 1940దే అని చాటిన మరుక్షణం అతని పనితనం లెక్కలోంచి పోతుంది. బెంట్లీ కంపెనీ తన పాత బ్లోయర్ నమూనాలో 12 కార్లు ఈమధ్యే చేసి, కొత్తవేనని బాహాటంగా చెప్పి అమ్మింది. కొంపలేమీ మునగలేదు.

పాత రేకు పక్కన ఇంకో రేకు బిగిస్తే సరి: ఫలానా ఏడాది, ఫలానా షెడ్డులో, ఫలానావాళ్లు చేశారని. ధర ఏ రేకును బట్టి కట్టాలో యజమానులు తేల్చుకుంటారు. కుదరకపోతే కోర్టు ఎలాగూ తెలిసిన చోటే.