పద్నాలుగు పాటలు

మా అత్తయ్యకి పాటలంటే ఆ ఒక్క క్యాసెట్టే. అరవై నిమిషాలది, పక్కకి ఏడు చొప్పున పద్నాలుగు పాటలు. లోపలి అట్ట మీద నీలం సిరాతో మామయ్యగారి రాత: మాయాబజార్, మూగమనసులు, గుండమ్మ కథ, డాక్టర్ చక్రవర్తి... ఘంటసాల, సుశీల పాడినవే ఎక్కువ. షాపులో చేయించింది కాదు. విజయవాడ కేంద్రం పాటలు వేసే వేళకి రేడియో ముందు టేప్ రికార్డర్ పెట్టి, ప్లే, రికార్డ్ మీటలు రెండూ కలిపి నొక్కి, ఆయనే పట్టారట. ఒక్కో పాట కోసం ఎన్నాళ్ళు కాచుకున్నారో! నేను కాపురానికి వచ్చేసరికే ఆయన లేరు. దండ వేసిన ఫొటోలోనే నాకు తెలుసు.

క్యాసెట్ బాగా అరిగిపోయింది. ఘంటసాల గొంతు నీళ్ళ అడుగునుంచి వస్తున్నట్టుండేది. టేపు చిక్కుపడ్డప్పుడల్లా అత్తయ్య పెన్సిల్ దూర్చి, ఓపిగ్గా తిప్పుతూ కూర్చునేవారు. చూడలేక సంక్రాంతికి చిన్న స్పీకర్ కొన్నాను. అట్ట మీది పాటలన్నీ ఒక్కోటీ వెతికి, శుభ్రమైన రికార్డింగ్ దొరికేదాకా వదలకుండా పెన్‌డ్రైవ్‌లో ఎక్కించాను. ఎప్పుడూ అదే వరసెందుకని షఫుల్‌లో పెట్టాను.

“అన్నీ ఉన్నాయా అమ్మా?”

“అన్నీ ఉన్నాయి అత్తయ్యా. ఒక్కటీ పోలేదు.”

ఆ వారమే, ఆవిడ గుడికెళ్ళినప్పుడు, గది సర్ది టేప్ రికార్డర్నీ క్యాసెట్‌నీ పాత సామాన్ల బండికి వేసేశాను. మావారు క్యాంపులో ఉన్నారు.

మొదట్లో ఆవిడకి పాత అలవాటు పోలేదు. ఒక పాట ముగుస్తుండగానే తర్వాతి పాట పల్లవి నోటికొచ్చేసేది. స్పీకర్లో ఇంకోటి మొదలయ్యేది. ఠక్కున ఆగిపోయేవారు. ఒకే క్యాసెట్ ఏళ్ళ తరబడి విన్నవాళ్ళకి ఇది తెలుసు. పాటతోపాటు దాని పక్క పాట కూడా మనసుకి అతుక్కుపోతుంది.

నెల తిరిగేసరికి అత్తయ్య మధ్యాహ్నం కునుకు కూడా మానేశారు. కుర్చీ స్పీకర్ పక్కకి జరుపుకున్నారు. ఒక పాట అయిపోయి ఇంకోటి అందుకునే ఆ రెండు క్షణాలూ ముందుకి వంగి మరీ వినేవారు. వచ్చేది ఏ పాటో అన్న సంబరం కాబోలనుకుని, గుమ్మంలో నిలబడి చూస్తుంటే నా కడుపు నిండిపోయేది.

నిన్న కాఫీ గ్లాసు అందిస్తూ అడిగాను. “నిద్ర కూడా మానుకుని వింటున్నారు. అంత బావున్నాయా అత్తయ్యా?”

“చాలా శుభ్రంగా ఉన్నాయమ్మా.” గ్లాసు చప్పుడవకుండా బల్ల మీద పెట్టి, కాస్త మొహమాటంగా అన్నారు: “మాయాబజార్ పాట అయ్యాక, మూగమనసులు పాట ఎత్తుకునేలోపు మీ మామయ్య, ‘గ్లాసు అక్కడ పెట్టి వెళ్ళవే, చప్పుడు చెయ్యకు, రికార్డవుతోంది’ అంటారు. నువ్వు వరస మార్చావు కదా... ఆయన ఏ పాట పక్కకి వెళ్ళారో, ఇంకా రాలేదు.”