ఇంట గెలవాలంటే ముంబయి మీదుగా

అమెరికాలో కళాశాలల ఫుట్‌బాల్ జట్లు పాఠశాల కుర్రవాళ్లను ఎంచుకునేటప్పుడు చూసే ర్యాంకుల పట్టికలు పెద్ద జట్ల వైపే మొగ్గుతాయన్నది పాత ఫిర్యాదు. అలబామా వంటి విశ్వవిద్యాలయం నుంచి పిలుపు రాగానే మూడు నక్షత్రాల కుర్రవాడు నాలుగు నక్షత్రాల వాడవుతాడనీ, అంటే ప్రతిభను చూసి జట్టు రావడం గాక జట్టును చూసి ప్రతిభ పెరుగుతుందనీ విమర్శకులు అంటారు. ఇదే తూనికరాయితో కనకాలపేటను తూచినప్పుడు భారత క్రికెట్ వ్యవస్థ ఎంత నిష్పాక్షికమైనదో తేటతెల్లమవుతుంది.

కనకాలపేట యానాంలోని ఊరు. సుమారు 30 చదరపు కిలోమీటర్ల యానాంకు చుట్టూ ఆంధ్రప్రదేశే ఉన్నా, 1954 దాకా అక్కడ ఫ్రెంచివారి పాలన సాగినందువల్ల, అది నేటికీ ఎనిమిది వందల కిలోమీటర్లకు పైగా దూరాన ఉన్న పుదుచ్చేరిలో అంతర్భాగం. ఆ లెక్కన అక్కడ పుట్టిన బౌలర్ కూడా పుదుచ్చేరి ఆస్తే. బస్సెక్కితే గంటలో వచ్చే కాకినాడలో పుట్టిన హనుమ విహారి 2018 సెప్టెంబరులో భారత్ తరఫున తొలి టెస్టు ఆడాడు గానీ, కాకినాడ ఆంధ్ర క్రికెట్ సంఘం పరిధిలోనిది కనుక ఆ సామీప్యానికి శాస్త్రీయ విలువ లేదు.

సుప్రీంకోర్టు నియమించిన లోధా కమిటీ సంస్కరణల ఫలితంగా 2018-19లో దేశవాళీ క్రికెట్‌లోకి వచ్చిన తొమ్మిది కొత్త జట్లలో పుదుచ్చేరి ఒకటి. వేరే రాష్ట్రం నుంచి పారితోషికం మీద వచ్చి ఆడే ‘గెస్ట్ ప్లేయర్లు’ ముగ్గురికి మించరాదన్నది భారత క్రికెట్ బోర్డు నియమం. ఆ ముగ్గురిగా హిమాచల్ నుంచి పారస్ డోగ్రా, ముంబయి నుంచి అభిషేక్ నాయర్, రాజస్థాన్ నుంచి పంకజ్ సింగ్ వచ్చారు. మిగిలినవారు స్థానికులు కావాలి, అనగా అక్కడ పుట్టినవారో, కనీసం ఏడాదిగా అక్కడ నివసిస్తూనో చదువుతూనో కొలువు చేస్తూనో ఉన్నవారో కావాలి. విజయ్ హజారే ట్రోఫీ మొదలైన కొద్ది రోజులకే, 2018 సెప్టెంబరులోనే, పుదుచ్చేరి జట్టులోని ఎనిమిది మంది బయటి ఆటగాళ్ల రిజిస్ట్రేషన్‌ను బోర్డు రద్దు చేయడంతో, అమెరికాలో జట్టు వచ్చాక నక్షత్రం వస్తే ఇక్కడ జట్టు వచ్చాక స్థానికత వస్తుందన్న సిద్ధాంతానికి తగిన ఆధారం లభించింది.

కనకాలపేట కుర్రవాడికి ఆ జట్టులో చోటు దక్కకపోవడాన్ని పక్షపాతమనడం తర్కానికి నిలవదు. ఒకరి వైపు మొగ్గాలంటే ముందు ఇద్దరినీ చూడాలి. చూపు మైదానమున్న చోటే ఉంటుంది, మైదానం పుదుచ్చేరి శివారు తుత్తిపట్టులో ఉంది. ఎంపిక పోటీలకు రాత్రంతా ప్రయాణించి, తమిళంలో పేరు చెప్పుకొని, ఆరు బంతులు వేసి తిరిగివచ్చే కుర్రవాడిని తక్కువగా అంచనా వేశారనడం అన్యాయం, ఎందుకంటే ఆరు బంతుల్లో ఎక్కువ తక్కువల అంచనాకే తావుండదు.

ఇంట గెలిచి రచ్చ గెలవమన్న పెద్దలకు గెస్ట్ ప్లేయర్ నియమం తెలియదు. కనకాలపేట కుర్రవాడు ముందుగా ముంబయికి మకాం మార్చి, ఏడాది గడిపి అక్కడి స్థానికుడై, ఆ జట్టుకు పదేళ్లు ఆడి, మోకాళ్లు అరిగాక పుదుచ్చేరికి దరఖాస్తు చేసుకోవాలి. అప్పుడు పారితోషికమూ, హోటల్ గదీ, విమానం టిక్కెట్టూ లభిస్తాయి. పుట్టిన ఊరు యానాంలోనిదేనని మాత్రం పొరపాటున కూడా చెప్పకూడదు, చెబితే స్థానికుల వరుసలో నిలబడమంటారు.